పాముతోలు వాద్యానికి కపాలీశ్వరుడి పాట

"తాతయ్యా, ఒకినావా వాళ్ళ సాన్‌షిన్ మీద మన భక్తిపాట వాయించొచ్చా?" అని అడిగావు కదా అమ్మలూ. వాయించడమే ఏం ఖర్మ, దానికోసమే కొత్త పాట ఒకటి రాసేయొచ్చు. పరాయి వాద్యానికి సరిపోయేట్టు దేవుడి పాట రాయడం ఈ మద్రాసుకి కొత్తేమీ కాదు, రెండు వందల ఏళ్ళ కిందటే జరిగింది. అయితే ఏ దేవుడు, ఏ రాగం అని మొదలుపెడితే పాట కుదరదు. ముందు తీగ మీటాలి. దాని మోత ఎంతసేపు నిలుస్తుందో చెవొగ్గి వినాలి. పాట నడక, మాటల పొడుగు, గమకాలు ఉండాలా వద్దా, అన్నీ అక్కడే తేలిపోతాయి. నన్నడిగితే పాట రాసేవాడికి ఛందస్సు కంటే ముందు కావలసింది ఈ కాస్త భౌతికశాస్త్రం.

చిన్నోడా, నువ్వు కూడా ఇలా వచ్చి కూర్చో. ఆ ఫోను పక్కన పెట్టు. దానితో తర్వాత పనుంది.

ఒకినావా అంటే జపాన్‌కి దక్షిణపు కొసన ఉన్న దీవులు. 1429 నుంచి 1879 దాకా అది ర్యూక్యూ అనే వేరే రాజ్యం. చైనాతో వాళ్ళకి రాకపోకలెక్కువ. చైనాలో సాన్‌షియెన్ అని మూడు తీగల వాద్యం ఉంది. అది ఓడెక్కి ర్యూక్యూ చేరి సాన్‌షిన్ అయింది. పదహారో శతాబ్దంలో అక్కణ్ణుంచి జపాన్‌కి వెళ్ళి షామిసెన్ అయింది. ర్యూక్యూలో కొండచిలువ తోలు బిగించేవాళ్ళు. జపాన్‌లో అంత పెద్ద పాములు దొరక్క పిల్లి తోలూ కుక్క తోలూ బిగించారు. ఛీ అనకు అమ్మలూ, మన మృదంగానికి మాత్రం ఏం బిగిస్తున్నాం?

సాన్‌షిన్ చిన్న వాద్యమే. ఒళ్ళో ఒదిగిపోతుంది. చిన్న చెక్క చట్రం, దానికి ముందూ వెనకా పొలుసులు కనబడే పాముతోలు, సన్నటి నల్లటి మెడ. మంచి మెడకి కురోకి అనే చెట్టు చేవ వాడతారు. మన అడవుల్లో బీడీ ఆకుకి కోసే తునికి చెట్టు లేదూ, దానికి దాయాది ఇది. రెండూ ఒకే ప్రజాతి. మెడ మీద మెట్లు ఉండవు. తోలు మీద వెదురుతో చేసిన గుర్రం నిలబెట్టి, దాని మీదుగా మూడు తీగలు లాగుతారు. చూపుడువేలికి గేదె కొమ్ము గోరు తొడుక్కుని మీటుతారు. పాడేదీ మీటేదీ సాధారణంగా ఒక్కరే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తీగకి తనంతట తానుగా గొంతు లేదు. అది సన్నం, గాలిని కదపగలిగినంత ఒళ్ళు దానికి లేదు. తీగ ఊగితే ఆ ఊపుని గుర్రం కిందికి అందిస్తుంది, కిందనున్న తోలో చెక్కో గాలిని కదుపుతుంది, అప్పుడు మనకి వినబడుతుంది. మీటినప్పుడు మన వేలు తీగకి ఇచ్చేది ఒక్క విడత శక్తే. దాన్ని ఎంత తొందరగా ఖర్చు పెట్టాలన్నది ఆ తోలూ చెక్కా చేతిలో ఉంది. బిందెకి పెద్ద చిల్లు పడితే నీళ్ళు భళ్ళున పోతాయి, సూది చిల్లైతే చాలాసేపు సన్నటి ధార కడతాయి. బిందెలో నీళ్ళు మాత్రం అవే కదా.

పాముతోలు పలచన, తేలిక. తీగ కదిలిందంటే చాలు, అదీ కదులుతుంది. తీగలోని శక్తిని చప్పున లాగేసుకుని గాలిలోకి తోసేస్తుంది, కొంత తనలోనే వేడిగా మార్చేసుకుంటుంది. అందుకే సాన్‌షిన్ మొదట టంగుమని గట్టిగా పలికి అంతలోనే చల్లారిపోతుంది. వీణ అలా కాదు. పనస చెక్క, బరువైన కుండ. బొబ్బిలి వాళ్ళయితే కుండా దండీ విడివిడిగా అతకకుండా ఒకే దుంగలోంచి తొలిచి ఏకాండి వీణ చేస్తారు. చెక్క తోలంత తేలిగ్గా కదలదు కాబట్టి తీగ దగ్గర్నుంచి శక్తిని కొద్దికొద్దిగానే తీసుకుంటుంది. మోత మెత్తగా ఉంటుంది, కానీ నిలుస్తుంది.

"అంటే సాన్‌షిన్ కంటే వీణే గొప్పదా తాతయ్యా?" అంటున్నాడు చిన్నోడు. గొప్పా తక్కువా లేదురా. గట్టిగా పలికి వెంటనే ఆగిపోయేది నాట్యానికి, గుంపుగా పాడడానికి పనికొస్తుంది. ఒకినావాలో ఓబోన్ రోజుల్లో పితృదేవతల్ని పిలిచి, మళ్ళీ సాగనంపేటప్పుడు ఏసా అని వీధి నాట్యం చేస్తారు. పెద్ద డప్పుల మధ్య సాన్‌షిన్ వినబడాలి కదా. వీణ పట్టుకెళ్తే ఆ వీధిలో ఎవరికి వినబడుతుంది?

వీణ మాట వచ్చింది కాబట్టి మన ప్రెసిడెన్సీ కాలేజీ కుర్రాడి సంగతి చెప్పాలి. సి.వి.రామన్. చిన్నతనం విశాఖపట్నంలో. 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. ఈ మెరీనా ఎదుటి కాలేజీలోనే. ఆ 1907లోనే లోకసుందరిని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ వీణ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తుంటే విని మనసు పడ్డాడని చెబుతారు. కాంతి గురించి నోబెల్ వచ్చింది కాబట్టి అందరూ కాంతే గుర్తుపెట్టుకున్నారు కానీ, అంతకుముందు రామన్ చెవి పెట్టిందంతా తీగల మీదా తోలు మీదానే. 1920లో మృదంగం గురించి, 1921లో వీణ, తంబురా గురించి రాశాడు.

తంబురాలో ఆయనకి ఆశ్చర్యం కలిగించింది ఇది. తీగ ఊగేటప్పుడు మొత్తంగా ఒక ఊపు, సగం సగంగా ఒక ఊపు, మూడు ముక్కలుగా ఒక ఊపు, ఇలా అన్నీ ఒకేసారి ఊగుతాయి. తీగని సరిగ్గా మధ్యలో మీటితే, మధ్య బిందువు కదలకుండా ఉండాల్సిన ఊపులు పుట్టకూడదు. థామస్ యంగ్ కాలం నుంచి పాశ్చాత్యులు నమ్మిన సూత్రం అది. తంబురాలోనూ వీణలోనూ మాత్రం పుట్టకూడని ఆ స్వరాంశాలు బ్రహ్మాండంగా మోగుతున్నాయి. కారణం గుర్రంలో ఉంది. వయొలిన్ గుర్రం అంచు కత్తిలా సన్నం. మన గుర్రం పైభాగం వెడల్పు, కాస్త వంపు. తీగ ఊగినప్పుడల్లా ఆ వంపుని రాసుకుంటూ లేస్తుంది, పడుతుంది. ఆ రాపిడితో కొత్త స్వరాంశాలు పుడుతూనే ఉంటాయి. తంబురాకి నూలుపోగు పెట్టి జరిపేది ఆ రాపిడి సరిగ్గా కుదరడానికే. సాన్‌షిన్ వెదురు గుర్రానికి ఈ వెడల్పు లేదు. కాబట్టి శబ్దం పొడిగా, ముక్కుసూటిగా ఉంటుంది.

పాట రాసేవాడికి దీంతో పనేమిటంటావా? తోడి రాగం గాంధారాన్నే తీసుకో. అది నిలకడగా ఉండే స్వరం కాదు, కిందికీ మీదికీ ఊగుతూ ఉంటేనే తోడి. వీణ మీద మెట్టు దగ్గర తీగని పక్కకి లాగి ఆ ఊపు తెస్తారు. అంతసేపూ మోత బతికి ఉండాలి. సాన్‌షిన్‌లో వేలు మీదికి జారి కిందికి తిరిగొచ్చేసరికే మోత అయిపోతుంది. సగం గమకమే వినబడుతుంది. సగం తోడి తోడి కాదు. కనుక తోడి, భైరవి, సహాన లాంటివి ఈ వాద్యం దగ్గరికి తీసుకురాకండి. ఎవరైనా తెచ్చినా నేను వినను.

మద్రాసులో జరిగిందన్నానే, అది చెబుతాను. మనలి తెలుసుగా, ఇప్పుడు ఆయిల్ రిఫైనరీ ఉన్న ఊరు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అక్కడ మనలి ముత్తుకృష్ణ మొదలియార్ అనే ధనవంతుడు ఉండేవాడు, గవర్నర్ పిగట్ దగ్గర దుబాసీ. ఆయన రామస్వామి దీక్షితులు గారి కుటుంబాన్ని పిలిపించి పోషించాడు. రామస్వామి దీక్షితులు 108 రాగాలూ తాళాలూ కూర్చిన మాలికని తెలుగులో రాసిన మహానుభావుడు. ఆయన పెద్దకొడుకే ముత్తుస్వామి దీక్షితులు. మొదలియార్ కొడుకు చిన్నయ్య మొదలియార్ ఈ అన్నదమ్ముల్ని సెయింట్ జార్జి కోటకి తీసుకెళ్ళి ఇంగ్లీషు బ్యాండు వినిపించేవాడు. తమ్ముడు బాలుస్వామి ఒక యూరోపియన్ దగ్గర ఫిడేలు నేర్చుకున్నాడు. అన్నగారు ఆ బ్యాండు మెట్లకి సంస్కృతంలో దేవుడి పాటలు రాశాడు. వాటినే నోట్టుస్వరాలంటారు. 'సంతతం పాహిమాం' అన్నది ఇంగ్లీషు రాజుగారి జాతీయగీతం మెట్టే.

అవన్నీ శంకరాభరణంలోనే ఉన్నాయి, గమకాలు దాదాపు లేవు. ఎందుకంటే బ్యాండు వాద్యాల స్వరాలు సూటిగా నిలబడతాయి, ఊగవు. దీక్షితులకి గమకం రాకనా? వీణ చేతపట్టి, గమకమే ప్రాణంగా కీర్తనలు కట్టిన మనిషి. వాద్యం దేనికి ఒప్పుకుంటుందో విని దానికి తగ్గట్టు రాశాడు. కొందరు పెద్దలు ఈ నోట్టుస్వరాల్ని పిల్లల పాటలని తీసిపారేస్తారు. నేనొప్పుకోను.

ఫిడేలు మాత్రం మన సంగీతంలో ఇంట్లో మనిషే అయిపోయింది. కమాను లాగుతున్నంతసేపూ తీగకి శక్తి అందుతూనే ఉంటుంది, మెట్లు కూడా లేవు, ఎంత గమకమైనా పలుకుతుంది. పియానో ఆ కోటలోనే ఉన్నా గడప దాటి కచేరీలోకి రాలేదు.

సాన్‌షిన్‌కి ఇంకా దగ్గరి చుట్టం మాండలిన్. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతిలో అది కర్ణాటక సంగీతం పలికింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ, 1981 డిసెంబర్ సీజన్‌లో మద్రాసు కచేరీ. మామూలు మాండలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగని పక్కకి లాగి గమకం తేవడం కష్టం, పైగా మోత తొందరగా ఆగిపోతుంది. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని ఒంటి తీగలు కట్టాడు. గట్టి చెక్క ఒళ్ళు కాబట్టి తీగ శక్తి అంత తొందరగా పోదు, వినబడే పని యాంప్లిఫయర్ చూసుకుంటుంది. దీక్షితులు పాటని వాద్యానికి తగ్గట్టు మలిస్తే, శ్రీనివాస్ వాద్యాన్నే పాటకి తగ్గట్టు మార్చాడు. 2014లో ఇక్కడే చెన్నైలో పోయాడు, నలభై అయిదేళ్ళకే.

మనం సాన్‌షిన్‌ని మార్చొద్దు. దీక్షితుల దారే పడదాం. కాబట్టి సూటి స్వరాలతో నిలబడగలిగే రాగం కావాలి.

ఇక్కడే నాకు భలే సంతోషం వేసే సంగతి ఒకటుంది. ఒకినావా పాటల్లో బాగా వినబడే స్వరవరసని పాశ్చాత్య పద్ధతిలో దో, మి, ఫా, సో, తి అంటారు. మన లెక్కలో స, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కాకలి నిషాదం. ఏ రాగం అమ్మలూ? వీణ క్లాసులో చెప్పే ఉంటారు. గంభీరనాట! మధ్యమం ఒక్కటీ పైకి జరిపితే అమృతవర్షిణి అయిపోతుంది, అది వేరే కథ. మైలాపూర్‌లో కపాలీశ్వరుడు ఉత్సవానికి బయలుదేరేటప్పుడు నాగస్వరం మీద మల్లారి వాయిస్తారే, అది గంభీరనాటే. వాళ్ళూ మనమూ ఆ అయిదు స్వరాల దగ్గరే ఆగాం.

కాగితం తీయండి, ఒక లెక్క చేద్దాం. తేలిగ్గా ఉండడానికి స అంటే సెకనుకి 240 ఊపులనుకోండి. గ దానికి అయిదు బై నాలుగు రెట్లు, 300. మ నాలుగు బై మూడు రెట్లు, 320. ప ఒకటిన్నర రెట్లు, 360. ని 450, పై స 480. ఇప్పుడు స నుంచి మొదలుపెట్టి స గ మ, ప నుంచి మొదలుపెట్టి ప ని స చూడండి. 240, 300, 320 ఒక గుంపు, 360, 450, 480 ఇంకో గుంపు. మొదటి గుంపుని ఒకటిన్నరతో హెచ్చవేస్తే రెండోది వచ్చేస్తుంది. రాగం రెండు ముక్కలు, రెండూ ఒకే అచ్చు.

సాన్‌షిన్ శ్రుతి చేసే పద్ధతులు కొన్నున్నాయి. మామూలు పద్ధతిలో కింది తీగ దో, మధ్య తీగ ఫా, పై తీగ దో. మన చెవికి అది మంద్ర పంచమం, స, ప అనిపిస్తుంది. వీణ మెట్ల మీది నాలుగు తీగల్లో సారణి అనే మొదటి తీగ వదిలేస్తే మిగిలే మూడింటి మధ్య దూరాలూ సరిగ్గా ఇవే. ఇంకో పద్ధతి పేరు నిఆగే. అందులో మధ్య తీగని కొంచెం బిగించి దో, సో, దో చేస్తారు. అంటే స, ప, పై స. నేను ఎంచుకునేది ఇదే.

ఎందుకంటే, గుర్రం నుంచి మెడ చివరిదాకా తీగ పొడవు 60 సెంటీమీటర్లనుకుందాం. పై నుంచి 12 సెంటీమీటర్ల దగ్గర నొక్కితే 48 మిగులుతుంది, అది అయిదింట నాలుగు వంతులు, కాబట్టి స తీగ మీద గ పలుకుతుంది. 15 దగ్గర నొక్కితే 45 మిగులుతుంది, ముప్పాతిక, మ పలుకుతుంది. ఇప్పుడు వేళ్ళు అక్కడే ఉంచి పక్కనున్న ప తీగ మీదికి జరపండి. 12 దగ్గర ని, 15 దగ్గర పై స. మూడో తీగ మీద అవే చోట్ల పై గ, పై మ. మెట్లు లేని వాద్యం మీద మూడు తీగలకీ రెండే గుర్తులతో గంభీరనాట మొత్తం పలికిపోతోంది! మూడో తీగ మీద 20 దగ్గర నొక్కితే పై పంచమం కూడా. ఒక్క ఇబ్బంది ఉంది. అన్నిటికంటే కింది తీగ స కాబట్టి మంద్ర నిషాదం లేదు. పాట స కంటే కిందికి దిగకూడదు. ఇలాంటి కట్టుబాట్లు ఉంటేనే పాట రాయడం తేలిక, నా మాట నమ్మండి.

రాగం కుదిరింది, ఇక దేవుడు. ఒకినావా వాళ్ళకి నిరాయ్ కనాయ్ అని సముద్రానికి అవతల ఒక దివ్యలోకం ఉంది. దేవతలూ, పంటలకి చల్లని చూపూ అక్కణ్ణుంచి అలల మీద వస్తాయని నమ్మకం. మనకి మాసి నెలలో మఖ నక్షత్రం నాడు దేవుడే సముద్రానికి వెళ్తాడు, స్నానానికి. మైలాపూర్‌లో ఇది నిన్నా మొన్నటిది కాదు. ఏడో శతాబ్దంలో తమిళ శివభక్తుడు సంబందర్ పాడిన పదికంలోనే మాసి నాటి కడలి స్నానం ప్రస్తావన ఉంది. దేవుడు కదలగానే మొదట మోగేది మల్లారి. మల్లారికి మాటలుండవు, స్వరాలూ తాళమూ అంతే. కాబట్టి కపాలీశ్వరుడు మాసి మఖానికి కడలికి రావాలి, గంభీరనాటలో, సాన్‌షిన్ మీద, తెలుగు మాటల్లో. తెలుగెందుకంటారా? ఈ ఊళ్ళో తిరువొత్తియూరు వీణ కుప్పయ్యర్ కూడా తెలుగులోనే రాశాడు, ఆయనకి లేని మొహమాటం మనకెందుకు.

తెలుగుకి ఇంకో సుగుణం ఉంది. మన మాటలు చాలామటుకు అచ్చుతో ఆగుతాయి. అచ్చు పలికేటప్పుడు నోరు తెరుచుకునే ఉంటుంది, కావలసినంత సాగదీయొచ్చు. హల్లు దగ్గర గాలి ఆగిపోతుంది. తీగ మోత చల్లారిన ఖాళీలో గొంతు అచ్చుని పట్టుకుని నిలబడాలి. తీగ మొదలుపెడుతుంది, గొంతు పూర్తిచేస్తుంది. ఒకినావా మాటలూ ఎక్కువగా అచ్చుతోనే ఆగుతాయి, వాళ్ళ పాట నడిచేదీ ఇలాగే.

వాళ్ళ పద్యానికి ర్యూకా అని పేరు. పాదానికి ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, చివర ఆరు అక్షరాలు. మన ఆదితాళానికి ఎనిమిది దెబ్బలు. దెబ్బకొక అక్షరం వేస్తే మూడు పాదాలు నిండుగా సరిపోతాయి, నాలుగో పాదంలో రెండు దెబ్బలు ఖాళీ మిగులుతాయి. ఆ ఖాళీలో గొంతు ఆగి తీగ ఒక్కటే రెండుసార్లు స పలకాలి. నేను కట్టింది ఇది, నచ్చకపోతే మీరు మార్చుకోండి.

కడలి దాకా రావయ్యా
కపాలీశా దయ చూడు
అలల పాటే మా పాట
ఆలకించవయ్యా

వేళ్ళతో లెక్కపెట్టు చిన్నోడా, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, ఆరు. మొదటి పాదం స గ మ ప, ని ప మ గ. మూడో పాదంలో 'అలల' దగ్గర పై స ముట్టుకోండి, అక్కడ గొంతు తెరుచుకోవాలి. నాలుగో పాదం పైనుంచి దిగి స దగ్గర ఆగాలి. వేగం మరీ తగ్గిస్తే తీగ మోత ఆగిపోయి మధ్యలో గుంటలు పడతాయి, మరీ పెంచితే భక్తి పోయి పరుగే మిగులుతుంది. మల్లారికి పల్లకీ మోసేవాళ్ళు అడుగులేసే వేగం సరిగ్గా సరిపోతుంది.

రాసుకోవడం ఎలా అంటావా? ఒకినావా వాళ్ళకి కున్‌కున్‌షి అని గళ్ళ కాగితం పద్ధతి ఉంది. గడికొక దెబ్బ, గడిలో ఉండే గుర్తు ఏ తీగని ఎక్కడ నొక్కాలో చెబుతుంది, స్వరం పేరు కాదు. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయాపురం నుంచి తెలుగులో అచ్చేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో స్వరాల మీద గమకానికి గుర్తులున్నాయి. గమకం లేని మన పాటకి గళ్ళ కాగితమే చాలు.

"సాన్‌షిన్ ఎక్కడ కొంటాం తాతయ్యా?" ఆ ప్రశ్న కోసమే చూస్తున్నాను. అసలు పాముతోలుది తెప్పించుకోవడం సులువు కాదు, అడవి ప్రాణుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందం ప్రకారం కొండచిలువ తోలు దేశం దాటాలంటే అనుమతి పత్రాలు కావాలి. మన కంజీరాకి కూడా ఈ చిక్కే వచ్చింది. దానికి పూర్వం నుంచీ ఉడుము తోలే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఉడుముని ముట్టుకోకూడదు. ఇప్పుడు మేక తోలూ, సింథటిక్ తోలూ వాడుతున్నారు. శబ్దం తేడాగా ఉందని విద్వాంసులు గొణుగుతారు, గొణగనివ్వండి. ఉడుము బతకాలి.

పాముల విషయంలోనూ అంతే. మన చుట్టుపక్కల ఇరుళ వాళ్ళు ఒకప్పుడు పాముల్ని పట్టి తోలు అమ్ముకుని బతికేవాళ్ళు. తోలు వ్యాపారం మీద నిషేధం వచ్చాక వాళ్ళ పొయ్యి ఆరిపోయే పరిస్థితి. 1978లో వాళ్ళ సహకార సంఘం పెట్టి, పాముని చంపకుండా విషం మాత్రం తీసి వదిలేసే పని మొదలుపెట్టారు. ఈసీఆర్ రోడ్డు మీద మొసళ్ళ పార్కులో మీరూ చూశారుగా. పాముకాటు మందుకి ఆ విషమే ముడిసరుకు. 2017లో ఇద్దరు ఇరుళ పెద్దల్ని అమెరికాలోని ఫ్లోరిడాకి పిలిపించారు, అక్కడి అడవుల్లో పెరిగిపోయిన బర్మా కొండచిలువల్ని పట్టడానికి. సాన్‌షిన్‌కి ఎక్కువగా వాడే తోలు ఆ జాతి పాముదే.

మనకి తోలు అక్కర్లేదు. 1945లో ఒకినావాలో భయంకరమైన యుద్ధం జరిగింది. బతికి బయటపడ్డవాళ్ళని అమెరికన్లు శిబిరాల్లో పెట్టారు. సాన్‌షిన్‌లు ఇళ్ళతో పాటే కాలిపోయాయి. అప్పుడు వాళ్ళు సైన్యం పారేసిన రేకు డబ్బా తీసుకుని, మడత మంచం కర్ర గుచ్చి, పారాచూట్ దారాలు తీగలుగా కట్టి వాయించుకున్నారు. దాన్ని కన్‌కరా సాన్‌షిన్ అంటారు. చచ్చినవాళ్ళ కోసం, బతికినవాళ్ళ కోసం ఆ డబ్బా మీదే పాడుకున్నారు. ఇప్పటికీ అక్కడి పిల్లలు దాన్ని చేసుకుని నేర్చుకుంటారు.

మీరూ అదే చేయండి. వంటింట్లో ఖాళీ అయిన పెద్ద పాలపొడి డబ్బా అడగండి, ఇస్తుంది అమ్మమ్మ. అంచుకి దగ్గరగా ఎదురెదురుగా రెండు చిల్లులు పెట్టి కర్ర దూర్చండి. కాశిమేడు రేవు దగ్గర అంగళ్ళలో చేపల గాలానికి వాడే నైలాన్ దారం దొరుకుతుంది, మూడు మందాల్లో కొనండి, లావుది కింది స కి. డబ్బా అడుగుభాగమే మనకి తోలు. దాని మీద చీల్చిన వెదురు ముక్క గుర్రంగా నిలబెట్టండి. అక్కణ్ణుంచి 60 సెంటీమీటర్లు కొలిచి తీగ కట్టి, 12, 15, 20 దగ్గర పెన్నుతో గీతలు గీయండి. ఇప్పుడు ఫోను తీయండి. ఒక్కసారి మీటి, మోత చల్లారేదాకా రికార్డు చేయండి. తెర మీద గీత పెద్దగా లేచి సన్నబడుతుంది, ఎంతసేపట్లో సన్నబడిందో చూడండి. తర్వాత డబ్బా అడుగున లోపలివైపు చిన్న గుడ్డముక్క అంటించి మళ్ళీ మీటండి. రేకు తోలంత తొందరగా చల్లారదు, ఖంగుమంటుంది. గుడ్డ వేస్తే పాముతోలుకి దగ్గరవుతుంది. రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూసుకుని, పాట వేగం ఎంతుండాలో మీరే తేల్చండి.

రేకు అంచులు మాత్రం కోసినవి కోసినట్టు వదలొద్దు. ముందు సుత్తితో లోపలికి మడిచి, పైన టేపు చుట్టి, అప్పుడే చెయ్యి పెట్టండి.